పప్పు ఎందుకు ఉడకట్లేదు? తొమ్మిదో తరగతికి నాలుగు వారాల ప్రాజెక్టు

హైస్కూళ్లలో ప్రాజెక్టు వర్క్ అంటే చాలాచోట్ల జరిగేది ఒకటే. పాఠం అయిపోతుంది, టీచరు ఒక శీర్షిక ఇస్తారు, పిల్లలు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి స్టేషనరీ షాపులో కొన్న బొమ్మలు అతికించి తెస్తారు, ఎఫ్ఏ (ఏడాది మధ్యలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కులు పడిపోతాయి. అందులో పిల్లలు నేర్చుకున్నది కత్తిరించడం, అంటించడం. ఆ వరసను తిరగేయాలి. ముందు ప్రశ్న రావాలి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పాఠం అవసరం పడాలి. ఇక్కడ వివరిస్తున్న ప్రాజెక్టుకు పన్నెండు పీరియడ్లు చాలు. ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు.

ప్రశ్న ఇది: "మన ఊళ్లో ఏ నీళ్లతో పప్పు త్వరగా ఉడుకుతుంది? ఎందుకు?"

"నీటి కాలుష్యం" అన్నది శీర్షిక, ప్రశ్న కాదు. దాని మీద ఎంత రాసినా తప్పు అనడానికి లేదు, అందుకే ఎవరూ ఆలోచించరు. పనికొచ్చే ప్రశ్నకు జవాబు టీచరుకు కూడా ముందే తెలిసి ఉండకూడదు. బడి నుంచి నడిచి వెళ్లే దూరంలో కొలిచి తేల్చగలిగేదై ఉండాలి. ఆ జవాబుతో ఎవరికో ఒకరికి పని ఉండాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కలకు ఈ జవాబుతో రోజూ పనే. బోరు నీళ్లలో పప్పు ఉడకదని ఇంట్లో అమ్మలు అంటూనే ఉంటారు కాబట్టి పిల్లలకు ప్రశ్నను విడమరిచి చెప్పే పని కూడా ఉండదు.

తొమ్మిదో తరగతినే ఎంచుకోండి. పదో తరగతి వాళ్లకు స్పెషల్ క్లాసులు మొదలైతే ఊపిరి సలపదు. పైగా రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాలు తొమ్మిదిలోనే వస్తాయి, ఈ ప్రాజెక్టుకు అదే వెన్నెముక. లెక్కల టీచరును ముందే కలిసి రెండు పీరియడ్లు అడిగి పెట్టుకోండి. దసరా సెలవులకూ సంక్రాంతికీ మధ్య కాలం అనుకూలం. ఎఫ్ఏ తేదీకి వారం ముందే పని ముగిసేలా చూసుకోకపోతే చివరి మెట్టు హడావుడిలో చార్టుగా మారిపోతుంది.

ముందుగా టీచరు చేసి చూసుకోవాల్సింది

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది. ఆ గుణాన్నే కఠినత్వం అంటారు, దాన్ని సబ్బుతో కొలుస్తాం. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా విడిపోతాయి. అవి అయిపోయేదాకా నురగ నిలవదు. అంటే ఎంత సబ్బు పట్టిందో చూస్తే ఎంత కఠినత్వం ఉందో తెలుస్తుంది.

సబ్బు ఎంపికలోనే చాలామంది దెబ్బతింటారు. గిన్నెలు తోమే బార్లు, బట్టల పౌడర్లు డిటర్జెంట్లు. అవి కఠిన జలంలోనూ నురగ ఇస్తాయి కాబట్టి ప్రయోగం మొదట్లోనే చెడుతుంది. కాగితం మీద టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) 76 శాతం లేదా అంతకంటే ఎక్కువ అని ఉన్న స్నానం సబ్బు తీసుకోండి. "బాతింగ్ బార్" అని రాసి ఉన్నది వద్దు. 10 గ్రాములు తురిమి, లీటరు వేడి ప్లాంటు నీళ్లలో (ఆర్‌వో పద్ధతిలో శుద్ధి చేసి క్యాన్లలో అమ్మేవి) కరిగించి, పలుచటి గుడ్డతో వడకట్టండి. తరగతికి రెండు లీటర్లు పడుతుంది. చలికాలం ఉదయాన ఈ ద్రావణం జావలా గట్టిపడుతుంది. పారబోయకండి, సీసాను గోరువెచ్చని నీళ్లలో నిలబెడితే మళ్లీ పలచబడుతుంది.

ఇక తెలిసిన కఠినత్వం ఉన్న నీళ్లు కావాలి. మందుల షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్, అంటే స్ఫటిక మెగ్నీషియం సల్ఫేట్, 24.6 గ్రాములు తూచి ప్లాంటు నీళ్లతో సరిగ్గా లీటరు చేయండి. కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఇది లీటరుకు 10,000 మిల్లీగ్రాములు. దీనిలో 20 మి.లీ. తీసి లీటరు చేస్తే 200, 40 మి.లీ.తో 400, 60 మి.లీ.తో 600. నేరుగా 2.46 గ్రాములు తూచి 1,000 చేయొచ్చు కదా అంటారు. బడి త్రాసు 0.1 గ్రాము వరకే చూపిస్తే అక్కడే పొరపాటు వస్తుంది, అందుకని చిక్కగా చేసి పలచన చేయడం మేలు. స్ఫటికాలు గాజులా మెరుస్తూ ఉండాలి. తెల్లపొడిగా మారిన పాత డబ్బా అయితే అందులోని స్ఫటిక జలం పోయింది, మీ తూకం లెక్క తప్పుతుంది.

మిగతా సామాను: గ్రూపుకు మూతతో 100 మి.లీ. పారదర్శక సీసాలు నాలుగు, సూది లేని 5 మి.లీ., 20 మి.లీ. సిరంజిలు ఒక్కొక్కటి, గ్రాఫ్ కాగితాలు, సెకన్లు చూపే గడియారం. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన మొత్తం లవణాలను చూపేది) తరగతికి ఒకటి చాలు. జల్ జీవన్ మిషన్ కింద పంచాయతీల్లో నీటి పరీక్ష కిట్లు, వాటిని వాడటం నేర్చుకున్న మహిళలు ఉండాలన్నది ఏర్పాటు. మీ ఊళ్లో ఉంటే ఆమెను ఒక రోజు బడికి పిలవండి, ఫ్లోరైడ్, నైట్రేట్ పరీక్షలు ఆమె చేతుల మీదుగా పిల్లలు చూస్తారు.

పిల్లలకు ఇచ్చే ముందు ప్రయోగమంతా మీరొకసారి పూర్తిగా చేయండి. ఈ ఒక్క పని ఎగ్గొడితే మూడో పీరియడ్లో నలభై మంది ముందు నురగ కోసం ఎదురుచూస్తూ నిలబడాల్సి వస్తుంది.

మొదటి వారం: ప్రశ్న, అంచనా, పాఠం

మొదటి పీరియడ్లో ఊళ్లోని నీటి వనరులన్నీ బోర్డు మీద రాయించండి: పంచాయతీ కుళాయి, బడి బోరు, చేతిపంపు, చెరువు కింది బావి, ప్లాంటు క్యాను, వాన నీళ్లు. ఏది ముందు ఉడికిస్తుందో ప్రతి ఒక్కరూ విడిగా కారణంతో సహా నోట్సులో రాయాలి. తర్వాత మార్చకుండా ఉండేందుకు మీరు సంతకం పెట్టండి. గ్రూపు చర్చ దీని తర్వాతే. ముందే చర్చ పెడితే బాగా చదివే ఇద్దరి మాటే అందరి మాట అవుతుంది.

రెండో పీరియడ్ పూర్తిగా మీ పాఠం. ప్రాజెక్టు కదా, పిల్లలే కనిపెట్టుకుంటారులే అని వదిలేయడం ఈ పద్ధతిలో జరిగే అతి పెద్ద పొరపాటు. అయాన్లను ఎవరూ ఊహించి కనిపెట్టలేరు. కఠినత్వం అంటే ఏమిటి, సబ్బు ఏం చేస్తుంది, మరిగిస్తే పోయే తాత్కాలిక కఠినత్వానికీ, మరిగించినా పోని శాశ్వత కఠినత్వానికీ తేడా ఏమిటి అన్నవి ఇరవై నిమిషాల్లో సూటిగా చెప్పండి. కొత్తవాళ్లకు ముందు చూపించాలి, తర్వాత కలిసి చేయాలి, ఆ తర్వాతే వాళ్లకు వదలాలి. చివరి ఐదు నిమిషాల్లో చిన్న చీటీ మీద రెండు ప్రశ్నలకు జవాబు రాయించుకోండి. వాటిలో ఒకటి: "డిటర్జెంట్‌తో ఈ ప్రయోగం ఎందుకు చేయకూడదు?" సగం మంది తప్పు రాస్తే మరుసటి రోజు ముందుకు వెళ్లకండి.

మూడో పీరియడ్లో కొలత నేర్పాలి. సీసాలో 20 మి.లీ. నమూనా పోసి, సబ్బు ద్రావణం 0.5 మి.లీ. చొప్పున వేస్తూ, వేసిన ప్రతిసారీ మూత పెట్టి పదిసార్లు గట్టిగా ఊపాలి. నురగ వచ్చాక సీసాను పక్కకు పడుకోబెట్టి ఒక నిమిషం చూడాలి. నురగ ఎక్కడా తెగకుండా నీటి పైభాగమంతా కప్పి ఉంటే అదే అంతిమ బిందువు. మెగ్నీషియం ఉన్న నీళ్లలో మధ్యలో దొంగ నురగ ఒకటి వస్తుంది. ఇంకొంచెం సబ్బు వేసి ఊపగానే చప్పున కూలిపోతుంది. పిల్లలు అక్కడే ఆగిపోతారు, ఆ నిమిషం నియమం పెట్టింది అందుకే.

రెండో వారం: గ్రాఫు గీయడం, నమూనాలు తేవడం

నలభై మంది ఉంటే ఐదుగురి చొప్పున ఎనిమిది గ్రూపులు. సిరంజి పట్టేవారు, ఊపేవారు, గడియారం చూసేవారు, రాసేవారు, తనిఖీ చేసేవారు అని పనులు పంచండి. ప్రతి రీడింగుకూ పని మారాలి. మార్చకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు: మగపిల్లలు సామాను పట్టుకుంటారు, చేతిరాత బాగున్న అమ్మాయి నాలుగు వారాలూ రాస్తూనే ఉంటుంది.

ముందు 0, 200, 400, 600 ద్రావణాలకు ఒక్కోదానికి మూడు రీడింగులు. సున్నా అంటే ఏమీ కలపని ప్లాంటు నీళ్లు. వాటిలో మిగిలిన కొద్దిపాటి కఠినత్వం ఈ పనికి అడ్డు కాదు. మూడు రీడింగుల మధ్య తేడా 0.5 మి.లీ. దాటితే మళ్లీ చేయాలి. తర్వాత లెక్కల పీరియడ్లో అడ్డంగా కఠినత్వం, నిలువుగా సబ్బు మిల్లీలీటర్లు వేసి గీత గీయించండి. సున్నాకు 0.5, 200కు 3.5, 400కు 6.5, 600కు 9.5 మి.లీ. పట్టిందనుకుందాం (లెక్క చూపడానికి వేసుకున్న అంకెలివి, మీ సబ్బుకు వేరుగా వస్తాయి). అప్పుడు వాలు 0.015, సమీకరణం y = 0.015x + 0.5. ఆ 0.5 ఎక్కడిదని అడగండి. శుద్ధమైన నీళ్లలో కూడా నురగ నిలవాలంటే కొంత సబ్బు కావాలి, అదే గీత మూలబిందువు గుండా పోకపోవడానికి కారణం. పుస్తకంలో y = mx + c లో c అని చదివినదాన్ని సిరంజిలో చూడటం ఇక్కడే. తెలియని నమూనాకు 8 మి.లీ. పడితే కఠినత్వం 500 అని వాళ్లే తేల్చాలి.

నమూనాలు తెచ్చే రోజు పెద్దవాళ్లు తోడు లేకుండా బావుల దగ్గరికి ఎవరినీ పంపకండి. కుళాయిని రెండు నిమిషాలు, బోరును ఐదు నిమిషాలు వదిలాక పట్టాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలచాలి. సబ్బుతో కడిగిన సీసా వాడితే రీడింగు తక్కువ చూపుతుంది. సీసా మీద వనరు పేరు కాకుండా అంకె మాత్రమే వేయించి, ఏ అంకె ఏ నీళ్లో మీ దగ్గరే రాసి పెట్టుకోండి. ప్లాంటు నీళ్లని తెలిస్తే చెయ్యి ముందే ఆగిపోతుంది.

మూడో వారం: అసలు కొలత, పప్పు

ప్రతి గ్రూపూ రెండు నమూనాలు కొలుస్తుంది. ఒక్కో నమూనా కనీసం రెండు గ్రూపుల చేతిలో పడాలి. రెండు గ్రూపుల జవాబులు కలవకపోతే చిరాకు పడకండి. ఈ నాలుగు వారాల్లో అత్యంత విలువైన పీరియడ్ అదే. ఎవరు ఊపింది తక్కువ, ఎవరి సిరంజిలో గాలి బుడగ ఉంది, ఎవరు దొంగ నురగ దగ్గర ఆగారు అని వాళ్లే వెతుక్కోనివ్వండి. 600 దాటిన నమూనాను సగానికి పలచన చేసి, వచ్చిన అంకెను రెట్టింపు చేయాలి.

పప్పు పరీక్ష ల్యాబులో ఇండక్షన్ స్టవ్ మీద మీ చేతులతోనే చేయండి. ఒకే సంచిలోని కందిపప్పు 50 గ్రాములు, 300 మి.లీ. నీళ్లు, అరగంట నానబెట్టడం, అదే గిన్నె, అదే వేడి. నిరుటి పప్పు సహజంగానే ఆలస్యంగా ఉడుకుతుంది, కలిపి వాడితే తేడా నీళ్లదో పప్పుదో తేలదు. ఇరవై నిమిషాల తర్వాత ప్రతి రెండు నిమిషాలకు పది గింజలు తీసి, చల్లారాక చెంచాతో నొక్కాలి. పదిలో తొమ్మిది మెత్తగా చితికిన సమయం రాసుకోవాలి. మూడు నమూనాలు చాలు: అతి మృదువైనది, మధ్యది, అతి కఠినమైనది. కాల్షియం, మెగ్నీషియం అయాన్లు గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను బిగుతు చేస్తాయి, అందుకే ఆలస్యం. సమయం ఉంటే కఠిన నీళ్లనే మరిగించి చల్లార్చి, వడకట్టి మళ్లీ కొలవండి. తగ్గినంత మేర తాత్కాలిక కఠినత్వం.

నాలుగో వారం: ఎవరికి చెప్పాలి, మార్కులెలా

ఫలితం ఒక్క పేజీ నివేదిక. పట్టిక, గ్రాఫు, జవాబు, నమ్మకం లేని చోటు. మొదటి ప్రతిని మరో గ్రూపు చదివి "ఈ అంకె ఎలా వచ్చింది?" అని కనీసం మూడు చోట్ల అడగాలి. దిద్దాక వంట అక్కల ముందు, వీలైతే సర్పంచి ముందు చదవాలి. ఎదుట నిజమైన శ్రోత ఉంటే దిద్దడం మీద శ్రద్ధ దానంతట అదే వస్తుంది.

20 మార్కులకు ఇలా వేయొచ్చు: కొలతల పట్టిక, పునరావృత రీడింగులు 5, గ్రాఫు, సమీకరణం 5, నివేదిక 4, ఒక్కొక్కరు విడిగా రాసే పది నిమిషాల పరీక్ష 6. మీ దగ్గర ఎఫ్ఏలో ప్రాజెక్టుకు ఎన్ని మార్కులుంటే అంతకు కుదించుకోండి. చివరి ఆరింటిని మాత్రం తీసేయకండి. కొత్త సబ్బు గ్రాఫు ఒకటిచ్చి కఠినత్వం తేల్చమంటే, గ్రూపులో ఎవరు పనిచేశారో ఎవరు కూర్చున్నారో తెలిసిపోతుంది.

నివేదికలో ఒక్క మాట దగ్గర చాలా జాగ్రత్త. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) 10500 ప్రమాణం ప్రకారం తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. ఆమోదయోగ్యం, వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. టీడీఎస్‌కు ఆ అంకెలు 500, 2,000. కానీ సబ్బు, టీడీఎస్ మీటరు ఏవీ సూక్ష్మజీవులను పట్టవు, ఫ్లోరైడ్‌ను విడిగా చూపవు. నల్గొండ లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం. కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండగలదు, అంటే నురగ బాగా వచ్చే మెత్తని నీళ్లు కూడా ప్రమాదకరం కావచ్చు. కాబట్టి పిల్లలు "ఈ నీళ్లు వంటకు అనువైనవి" అనొచ్చు, "తాగడానికి మంచివి" అనకూడదు.

పట్టికలన్నీ ఒక రిజిస్టరులో తేదీతో సహా ఉంచండి. ఏప్రిల్‌లో బోర్లు అడుగంటినప్పుడు అవే వనరులను మళ్లీ కొలిస్తే వచ్చే ఏడాది తరగతికి ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. అప్పుడు సబ్బు ద్రావణం కొత్తగా చేస్తారు కాబట్టి పాత గ్రాఫు పనికిరాదు, 200, 400, 600 రీడింగులు మళ్లీ తీసుకోవాల్సిందే.