మున్సిపాలిటీలో పని కావాలా? ముందు అది ఎవరి పనో తేల్చుకోండి

వీధి దీపం వెలగడం లేదని ఫోన్ చేస్తే "అది మా పరిధి కాదండీ" అనే జవాబు చిన్న పట్టణాల్లో ఉండేవాళ్లకి కొత్తేం కాదు. విసుగొచ్చే మాటే గానీ చాలాసార్లు అది నిజం కూడా. స్తంభానికున్న లైటు మున్సిపాలిటీది, స్తంభమూ తీగలూ ట్రాన్స్‌ఫార్మరూ కరెంటోళ్లవి. ఊరి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు చాలా చోట్ల రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ)దో జాతీయ రహదారుల వాళ్లదో అయి ఉంటుంది, దాని మీద గుంతల గురించి కమిషనర్‌కి ఎన్ని అర్జీలిచ్చినా ఆయన చేయగలిగింది పైకి పంపడమే. కులం, ఆదాయం సర్టిఫికెట్లు తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తాయి. కాబట్టి ఇంట్లోంచి బయల్దేరే ముందే ఇది ఎవరి పని అని ఎవరినైనా అడిగి తెలుసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది.

ఆఫీసులో కూడా అందరూ అన్నీ చూడరు. మంచినీళ్లు, కాలువలు, వీధి రోడ్లు ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్లవి, అంటే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) కలవాలి. చెత్త, దోమల మందు అయితే శానిటరీ ఇన్‌స్పెక్టర్. పక్కింటాయన మెట్లు రోడ్డు మీదకి కట్టాడంటే టౌన్ ప్లానింగ్. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 2న వార్డు సచివాలయాలు మొదలైనప్పటి నుంచి ఈ పనులకి వార్డులోనే వేర్వేరు కార్యదర్శులున్నారు, ముందు అక్కడికి వెళ్లండి. ఆ రాష్ట్రంలోనే 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ ఉంది, చాలా సర్టిఫికెట్లకీ బిల్లులకీ ఇప్పుడు ఆఫీసు గడప తొక్కక్కర్లేదు.

ఇక అసలు విషయం. కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తే పని అవుతుంది, కాదనను, చెత్త బండి రాలేదు లాంటి వాటికి అదే తొందర దారి. కానీ కాస్త పెద్ద పని అయితే నోటి మాటకి విలువ ఉండదు, ఎందుకంటే రేపు అడిగినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. ఒక తెల్లకాగితం తీసుకుని కమిషనర్ పేరు మీద రాయండి. తేదీ, వార్డు నంబరు, సరిగ్గా ఏ ఇంటి ముందు లేదా ఏ మలుపు దగ్గర, ఎప్పటి నుంచి సమస్య ఉంది, మీకేం కావాలి, ఇంతే. ఒక అర్జీలో ఒక్క సమస్యే పెట్టండి. కాలువ, కుక్కలు, లైటు, పన్ను అన్నీ కలిపి రెండు పేజీలు రాస్తే ఆ కాగితం ఏ సెక్షన్‌కి పంపాలో తేలక టేబుళ్ల మధ్య తిరుగుతూనే ఉంటుంది. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇన్‌వార్డులో (వచ్చిన కాగితాలు తీసుకుని నమోదు చేసే చోట) ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, నంబరు వేయించుకోండి. "పెట్టి వెళ్లండి సార్, చూస్తాం" అంటారు. మొహమాటపడకుండా నంబరు వేయించుకునే కదలండి.

అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రలో స్పందన పేరుతో నడిచింది ఇప్పుడు పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ) అయింది. మున్సిపాలిటీలో ఇచ్చిన అర్జీ కాపీ జత చేసి ఇస్తేనే దానికి బలం.

దాంతోనూ కదలకపోతే సమాచార హక్కు ఉంది. 2005 నాటి ఈ చట్టం పేరు చెప్పగానే చాలామంది దాన్నేదో గొడవ పెట్టుకునేవాళ్ల పని అనుకుంటారు. అదేం లేదు, పది రూపాయల ఫీజు కట్టి రసీదు తీసుకుంటే చాలు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకి అదీ అక్కర్లేదు. కిటుకంతా ప్రశ్నలో ఉంది. "మా రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడిగితే అలాంటి ప్రశ్నలకి మా దగ్గర సమాచారం లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దానికి బదులు కాగితాలు అడగండి. "ఫలానా తేదీన ఫలానా నంబరుతో ఇచ్చిన నా అర్జీ మీద ఇప్పటివరకూ ఏ అధికారి ఏ తేదీన ఏం రాశారో ఆ ఫైలు నకలు ఇవ్వండి" అని రాసి చూడండి, చాలాసార్లు జవాబు కంటే ముందు మనిషి వస్తాడు పని చూడ్డానికి. వేసిన ఏడాదికే లేచిపోయిన సిమెంటు రోడ్డు అయితే ఎస్టిమేట్, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), కాంట్రాక్టరుతో ఒప్పందం కాపీలు అడగాలి. కాంట్రాక్టరు సొంత ఖర్చుతో రిపేరు చేయాల్సిన గడువు ఎప్పటిదాకా ఉందో ఆ ఒప్పందంలో ఉంటుంది.

జవాబుకి 30 రోజుల గడువు. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి, ఎవరికి వేయాలో ఆఫీసులో బోర్డు మీద పేరు ఉండాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి వెళ్లొచ్చు, అయితే అక్కడ ఆలస్యం బాగా అవుతుంది, ముందే చెప్తున్నా. నా ఉద్దేశంలో మొదటి అప్పీలు దాకా వెళ్లే ఓపిక ఉంటే చాలా పనులు అక్కడే అవుతాయి.

పుట్టిన సర్టిఫికెట్ గురించి ఒక మాట, దీని దగ్గరే జనం ఎక్కువ టెన్షన్ పడతారు. రిజిస్ట్రేషన్ బిడ్డ పుట్టిన ఊళ్లో జరుగుతుంది, మీరుండే ఊళ్లో కాదు. కాన్పు పక్క పట్టణం ఆసుపత్రిలో అయితే సర్టిఫికెట్ కూడా ఆ పట్టణం నుంచే. 21 రోజుల్లోపు నమోదుకి ఫీజు లేదు. నెల దాటితే అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా వెళ్తుంది. ఆసుపత్రి వాళ్లే వివరాలు పంపుతారు కానీ తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా అక్కడే చూసుకోండి, తర్వాత దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి. పేరు పెట్టలేదని నమోదు ఆపొద్దు, పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకి స్కూలు అడ్మిషన్ దగ్గర్నుంచి పుట్టిన తేదీకి ఈ కాగితమే ఆధారం.

ఆస్తి పన్నుకి ఎక్కువ చెప్పేదేం లేదు. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఇస్తుంటారు, ఆన్‌లైన్‌లో కట్టి రసీదు దాచుకోండి. ఇల్లు కొన్నాక పన్ను పుస్తకంలో పేరు మార్పించుకోవడం మాత్రం మర్చిపోకండి.

మరి ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసేదెలా? వాట్సాప్ గ్రూపుల్లో "రేపు నీళ్లు రావు" అని ఒక మెసేజ్ తిరుగుతుంది, ఏ ఊరో, ఏ రేపో ఎవరికీ తెలీదు, పోయినేడాదిది కూడా కావచ్చు. ఫార్వర్డ్ చేసే ముందు తేదీ, వార్డు, ఎవరు చెప్పారు అనే మూడూ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే ఏఈ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగి అవి మీరే చేర్చి పెట్టండి. పింఛను జాబితాలూ ఆధార్ కాపీలూ గ్రూపులో పెట్టేవాళ్లని వెంటనే తీసేయమనండి. జిల్లా పేపర్లో లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో వచ్చే మున్సిపల్ ప్రకటనల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి, ఎందుకంటే మాస్టర్ ప్లాన్, వార్డుల విభజన, ఓటర్ల జాబితా లాంటి ముసాయిదాలకి అభ్యంతరాలు చెప్పే గడువు ఉంటుంది, అది అయిపోయాక ఎంత అరిచినా వినరు. ఆఫీసు నోటీసు బోర్డు ఫోటో ఎవరైనా వారానికోసారి తీసి గ్రూపులో పెడితే చాలు. కౌన్సిల్ సమావేశం ముందు కౌన్సిలర్‌ని అజెండా అడగండి, పాలకవర్గం లేని చోట ప్రత్యేకాధికారి నడిపిస్తుంటారు కాబట్టి తీర్మానాల కాపీలు ఆఫీసులోనే అడగాలి, ఇవ్వకపోతే మళ్లీ అదే పది రూపాయల అర్జీ.