డైట్ చార్టు కంటే ముందు మందుల చీటీ చూపించండి

నేను ఆసుపత్రిలో పోషకాహార నిపుణురాలిని. బరువు తగ్గాలని వచ్చేవారిలో చాలామంది కూర్చోగానే "డైట్ చార్టు రాసివ్వండి మేడమ్" అంటారు. నేను మాత్రం ముందు మీరు వాడే మందులన్నీ చూపించమంటాను. ఆయుర్వేద గుళికలు, మోకాళ్ల నొప్పికి వేయించుకున్న ఇంజెక్షన్ చీటీ సహా అన్నీ. స్టెరాయిడ్లు, కొన్ని మూర్ఛ మందులు, కొన్ని మానసిక వ్యాధుల మందులు, పయోగ్లిటజోన్ వంటి షుగరు మాత్రలు బరువు పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఆపకండి. మార్చవచ్చో లేదో డాక్టరే చెప్పాలి.

గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవారికి మరింత జాగ్రత్త అవసరం. ఆ మధ్య ఒకాయన ఎవరో చెప్పారని రాత్రి భోజనం మానేసి, మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. తెల్లవారుజామున చెమటలతో పక్క తడిసిపోయింది, చేతులు వణికాయి, మాట తడబడింది. గ్లూకోమీటరులో షుగరు 52కి పడిపోయినట్టు చూపించింది. మింగగలిగే స్థితిలో ఉన్నారు కాబట్టి ఇంట్లోవాళ్లు చక్కెర నీళ్లు తాగించి కాపాడుకోగలిగారు. తిండి తగ్గించాలనుకుంటే, తగ్గించక ముందే మాత్ర మోతాదు గురించి అడగండి.

తర్వాత నడుము కొలత. ప్యాంటు సైజు చెప్పకండి, అది పొట్ట కింద నిలబడే సైజు. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు మధ్యన టేపు పెట్టి, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి. చీర కట్టుకునేవారు లంగా బొందు కాస్త వదులు చేసుకోవాలి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) మరీ ఎక్కువ లేకపోయినా పట్టించుకోవాల్సిందే. మన దేశంలో బీఎంఐ 23 నుంచే అధిక బరువుగా లెక్కిస్తారు.

పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు), థైరాయిడ్, కొలెస్ట్రాల్, కాలేయం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) సాధారణంగా రాస్తారు. గట్టిగా గురక పెట్టి పగలు కునికిపాట్లు పడుతున్నా, నెలసరి క్రమం తప్పుతున్నా అడగకపోయినా చెప్పండి.

ఇక తిండి. రాత్రి పదింటికి దుకాణం మూసే వ్యక్తికి ఏడింటికల్లా భోజనం ముగించమని రాసిస్తే ఆ కాగితం వృథా. ఆయనకు ఏడింటికి దుకాణంలోనే ఉడికించిన శనగలు, మజ్జిగ పెట్టుకోమంటాను. ఇంటికి వెళ్లాక కప్పు అన్నం, దానికి రెట్టింపు కూర. నూనె లెక్క కూడా తప్పక అడుగుతాను. నలుగురున్న ఇంట్లో లీటరు ప్యాకెట్టు వారంలో అయిపోతుంటే, మనిషికి రోజుకు దాదాపు 290 కేలరీలు నూనె నుంచే వస్తున్నట్టు. చాలా ఇళ్లలో అన్నం కంటే ముందు కోత పెట్టాల్సింది అక్కడే.

మొదటి లక్ష్యం చిన్నదిగా ఉండాలి. 80 కిలోల మనిషి నాలుగు కిలోలు తగ్గినా షుగరు, బీపీ మెరుగుపడే అవకాశం ఎక్కువ. వారానికి అర కిలో చొప్పున తగ్గితే చాలు.

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అవి బాగా పనిచేసే మందులే, కానీ తెలిసినవారి చీటీ చూపించి కొనుక్కునేవి కావు. గర్భిణులు వాడకూడదు. క్లోమం (పాంక్రియాస్) వాపు వచ్చినవారు, కుటుంబంలో మెడుల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారు ముందే చెప్పాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఆపేస్తే బరువు చాలామందికి తిరిగి వస్తుంది. వాడుతుండగా కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకితే వెంటనే ఆసుపత్రికి రావాలి.

బరువు తగ్గుతున్న కొద్దీ పాత బీపీ మాత్రల మోతాదు ఎక్కువైపోవచ్చు. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతుంటే నీరసం అనుకుని ఊరుకోకుండా బీపీ చూపించుకోండి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం కష్టమవుతుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతోందేమో చూడాలి. అప్పుడు క్రియాటినిన్ చూసి పప్పు, గుడ్లు, చేపలు పెంచుతాం, బరువులెత్తే వ్యాయామం చేర్చుతాం.