పాత ఇంటి అల్యూమినియం వైరింగ్: గుర్తించడం, జాగ్రత్త పడడం, మార్పించడం

తెలుగునాట 1960ల చివరి నుంచి 1980ల దాకా కట్టిన ఇళ్ళలో చాలావాటికి గోడ మీద టేకు బద్ద కొట్టి, దాని మీద లింకు క్లిప్పులతో బిగించిన వైరింగ్ ఉండేది. ఆ వైర్ల తొడుగు లోపల ఉన్నది చాలాచోట్ల అల్యూమినియమే. రాగిని పెద్ద మొత్తంలో దిగుమతి చేసుకోవలసి రావడం, విదేశీ మారకద్రవ్యానికి కటకటగా ఉండడం వల్ల దేశంలో దొరికే అల్యూమినియం వైపు అందరూ మొగ్గారు. ధర కూడా తక్కువే. ఆ ఇళ్ళలో కొన్ని ఇప్పుడు చేతులు మారుతున్నాయి, కొన్నింటిలో వృద్ధులైన తల్లిదండ్రులు మాత్రమే ఉంటున్నారు, మరికొన్నింటిలో పై అంతస్తు వేసి పాత మీటరు బోర్డు నుంచే కొత్త లైను లాగుతున్నారు. ఈ మూడు సందర్భాలలోనూ గోడ మీది ఆ పాత వైరును ఒకసారి పరీక్షించుకోవాలి.

వైరు మధ్యభాగంలో అల్యూమినియం వల్ల ప్రమాదం తక్కువ. స్తంభం నుంచి మన మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు అల్యూమినియమే, ఊళ్ళ మీదుగా పోయే పెద్ద లైన్లూ అల్యూమినియమే. చిక్కంతా దాని కొనల దగ్గర, అంటే స్విచ్చులో, సాకెట్లో, సీలింగ్ రోజ్‌లో (ఫ్యాను, దీపం వేలాడే చోట కప్పుకు బిగించే గుండ్రని బిళ్ళలో), ఫ్యూజు దగ్గర స్క్రూ కింద నలిగే అర అంగుళం మేర ఉంటుంది. అల్యూమినియం పైపొర గాలి తగిలిన క్షణంలోనే ఆక్సైడుగా మారుతుంది, ఆ పొర విద్యుత్తును సరిగా పోనివ్వదు. వేడెక్కినప్పుడు రాగి కంటే, ఇత్తడి కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారినప్పుడు మళ్ళీ ముడుచుకుంటుంది. పైగా మెత్తని లోహం కావడం వల్ల స్క్రూ ఒత్తిడికి ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా అణిగి పక్కకు జరిగిపోతుంది. ఇలా పట్టు వదులైనకొద్దీ జాయింటు వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ పట్టు ఇంకా వదులవుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి, తేమ తోడై, అల్యూమినియం ఇత్తడితోనో రాగితోనో కలిసే చోట తెల్లని బూడిదలాంటి తుప్పు మరింత త్వరగా పడుతుంది.

నలభై ఏళ్ళుగా ఏమీ కాని వైరింగ్‌కు ఇప్పుడే ఏమవుతుందని ఇంటి పెద్దలు అడుగుతారు. ఆ ప్రశ్నకు చిన్న లెక్కతో జవాబు చెప్పవచ్చు. ఒక స్క్రూ దగ్గర పట్టు వదులై అర ఓము నిరోధం ఏర్పడిందనుకుందాం. దాని గుండా 75 వాట్ల ఫ్యాను తిరిగితే పోయే కరెంటు ఆంపియరులో మూడో వంతు మాత్రమే కాబట్టి అక్కడ పుట్టే వేడి వాట్‌లో ఇరవయ్యో వంతు, అది ఎవరికీ తెలియదు. అదే స్క్రూ గుండా 2,000 వాట్ల గీజరు నడిస్తే దాదాపు 9 ఆంపియర్లు పోతాయి, అప్పుడు ఆ ఒక్క బిందువు దగ్గర 40 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్‌ను చెక్క బోర్డు లోపల పెట్టి మూత బిగించడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఫ్యాన్లు, బల్బులు, ఒక రేడియో ఉన్న కాలానికి వేసిన వైరుకు గీజరు, ఏసీ, ఇండక్షన్ పొయ్యి తగిలించడం వల్లనే పాత లోపాలు ఇప్పుడు బయటపడుతున్నాయి.

ఇక్కడ ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) మనల్ని కాపాడుతుందని చాలామంది భరోసాగా ఉంటారు. వదులైన జాయింటు గుండా పోతున్నది మామూలు కరెంటే కనుక ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు, అది పడిపోదు. షాకు నుంచి రక్షించే ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించుకోవలసినదే అయినా, స్క్రూ దగ్గర పుట్టే వేడిని అది కూడా పసిగట్టలేదు. పాత చీనా మట్టి ఫ్యూజులు ఉన్న ఇళ్ళలో పరిస్థితి ఇంకా అధ్వానం: ఫ్యూజు ఊరికే పోతోందని రెండు మూడు పోగులు మెలిపెట్టి వేసేస్తారు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు పైపులో ఉన్నప్పుడు సుమారు 10 ఆంపియర్లకు, రెండున్నర మిల్లీమీటర్లది సుమారు 15 ఆంపియర్లకు మించి మోయకూడదు. అలాంటి లైనుకు 20 ఆంపియర్ల ఎంసీబీ పెట్టి ఉంటే ముందుగా దానిని మార్పించాలి.

గుర్తించే విధానం

స్విచ్ బోర్డు తెరవకముందే కొన్ని ఆనవాళ్ళు తెలుస్తాయి. ఇస్త్రీ పెట్టె వేయగానే అదే గదిలో దీపం మినుకుమనడం, ఫ్యాను ఉన్నట్టుండి మందగించి మళ్ళీ అందుకోవడం, ప్లగ్గు తీసినప్పుడు పిన్నులు చుర్రుమనడం, సాకెట్ రంధ్రాల చుట్టూ గోధుమరంగు మరక, స్విచ్చు వేసినప్పుడు చిటపట శబ్దం, బేకలైటు మాడినప్పుడు వచ్చే కుళ్ళిన చేపల వంటి వాసన. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పాయింటు వాడడం ఆ రోజే ఆపేయాలి. వాసన వచ్చి పోయింది కదా అని ఊరుకోకూడదు, ఎందుకంటే మాడవలసినది మాడిపోయాక వాసన ఎలాగూ ఆగుతుంది.

బోర్డు తెరిచి చూడవలసి వస్తే ముందుగా మెయిన్ ఆపాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఒక్కటి ఆపితే చాలదు, మెయిన్ ఆగగానే ఇన్వర్టరు మేలుకొని ఫ్యాన్ల, దీపాల లైన్లకు 230 వోల్టులు అందిస్తుంది. అందువల్ల దానిని కూడా స్విచ్చు దగ్గర ఆపి, దాని నుంచి ఇంటి లైన్లకు పోయే ప్లగ్గునో ఎంసీబీనో విడదీయాలి. ఆ తర్వాత టెస్టరును నమ్మకముందు దానినే పరీక్షించాలి: కరెంటు ఉన్న పొరుగింటి సాకెట్లో వెలుగుతోందో లేదో చూసి, మన బోర్డులో ప్రతి స్క్రూ మీదా పెట్టి చూసి, మళ్ళీ ఆ సాకెట్లో పెట్టి చూడాలి. మల్టీమీటరు ఉంటే మరీ మంచిది. పాత ఇళ్ళలో ఫేజుకూ న్యూట్రలుకూ విడివిడిగా ఫ్యూజులు ఉండేవి. న్యూట్రల్ ఫ్యూజు పోతే దీపం ఆరిపోయినా వైరులో కరెంటు అలాగే ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఇంతవరకు చేయడం తెలియని వారు తెరవకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే ఉత్తమం.

వైరు కొన వెండిలా తెల్లగా, ఒకే లావుపాటి పోగుగా ఉండి, వేలితో వంచితే మెత్తగా వంగితే అది చాలావరకు అల్యూమినియమే. అయితే ఇంకా పాతవైన రబ్బరు తొడుగు వైర్లలో తగరపు పూత ఉన్న రాగి కూడా తెల్లగానే కనిపిస్తుంది. బ్లేడుతో కొనను కొంచెం గీకితే లోపల ఎరుపు బయటపడితే రాగి, గీకిన చోట కూడా తెల్లగానే ఉంటే అల్యూమినియం.

మా మేనత్త గారి ఇంట్లో వంటగది సాకెట్‌ను తెరిపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. బయటికి సాకెట్ శుభ్రంగా ఉంది, ఆవిడ ఇరవై ఏళ్ళుగా దాని మీదే మిక్సీ వాడుతున్నారు, ఆరు నెలల క్రితం ఇండక్షన్ పొయ్యి కూడా పెట్టుకున్నారు. లోపల ఒక వైరు తొడుగు బిస్కట్ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెంకులా రాలింది. స్క్రూ కింద వైరు సగానికి సగం అణిగిపోయి రేకులా ఉంది, దాని చుట్టూ విభూతి రాలినట్టు తెల్లని పొడి. వెనక ఉన్న చెక్క మీద రూపాయి బిళ్ళంత నల్లని మచ్చ. ఆ మచ్చ చూశాక ఆవిడ ఇంకేమీ అడగలేదు.

చేయకూడనివి

వదులైన స్క్రూను ఇంకాస్త బిగించడం అందరికీ తోచే మార్గం. నలిగిన అల్యూమినియం మీద స్క్రూ మళ్ళీ బలంగా బిగిస్తే వైరు తెగడమో, పగులు పట్టడమో జరుగుతుంది, పైకి గట్టిగా కనిపించినా లోపల ఒక పక్క మాత్రమే ఆని ఉంటుంది. అంతకంటే ప్రమాదకరమైనది కొత్త రాగి వైరును పాత అల్యూమినియం కొనకు మెలిపెట్టి టేపు చుట్టడం. కొత్త ఏసీ పాయింటు కావాలన్నప్పుడు గంటలో పని ముగించాలనుకునే వారు చేసేది సాధారణంగా ఇదే. ఆ రెండు లోహాలు తేమలో కలిసే చోట అల్యూమినియం తుప్పు పట్టి తినుకుపోతుంది, టేపు ఆ తుప్పును కళ్ళకు కనబడకుండా దాచిపెడుతుంది. రెంటినీ కలపక తప్పని చోట ఆ రెండు లోహాలకూ పనికివస్తుందని తయారీదారు స్పష్టంగా చెప్పిన బైమెటల్ లగ్గును (వైరు కొనకు తొడిగే లోహపు గొట్టాన్ని), ఆక్సైడు పట్టకుండా ఆపే పేస్టుతో, సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కించాలి. మీటరు నుంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు వచ్చే లావుపాటి కేబుళ్ళకు ఇది చక్కగా పనికివస్తుంది. గదుల్లోని సన్నని వైర్లకు మాత్రం పాయింటు పాయింటుకూ ఇలా చేయించడం కంటే వైరు మార్పించడమే మేలని నా అభిప్రాయం.

మీటరు దగ్గర సీలు వేసిన భాగం మనది కాదు, విద్యుత్ సంస్థది. అక్కడ మాడిన వాసన గాని, సర్వీసు వైరు కొన దగ్గర మెరుపు గాని కనిపిస్తే 1912కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి తప్ప సీలు తెరిపించకూడదు.

విడతలుగా మార్పించడం

ఇల్లంతా ఒకేసారి రీవైరింగ్ చేయించగలిగితే ఇక ఆలోచించవలసినది లేదు. అంత ఖర్చు ఇప్పుడే పెట్టలేని వారు కరెంటు బరువు (లోడు) ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడి నుంచి మొదలుపెట్టాలి. గీజరు, ఏసీ, వంటగది పాయింట్లు, వాషింగ్ మెషీను, ఈ వరుసలో ఒక్కొక్కదానికి డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి నేరుగా కొత్త రాగి లైను రావాలి. ఆ లైను దారిలో ఎక్కడా పాత స్విచ్ బోర్డును తాకకూడదు. గీజరుకు, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లు, మామూలు పవరు సాకెట్లకు రెండున్నర, దీపాలకు ఒకటిన్నర మిల్లీమీటర్ల రాగి వైరు వేయించడం ఇళ్ళలో వాడుక. ప్రతి లైనుకు ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ కలిసి రావాలి. పాత ఇళ్ళలో చాలాచోట్ల మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా పై రంధ్రం వెనక వైరే ఉండదు. ఇలా బరువంతా కొత్త లైన్లకు మళ్ళిన తర్వాత ఫ్యాన్లు, దీపాలు మాత్రమే మిగిలిన పాత అల్యూమినియం లైన్లకు 6 ఆంపియర్ల ఎంసీబీలు పెట్టించి, ఏడాదికి ఒకసారి బోర్డులు తెరిపించి చూపిస్తూ, తర్వాతి విడత దాకా నెట్టుకురావచ్చు. ఆ గదుల్లోని సాకెట్లలో సెల్‌ఫోను చార్జరు మించి ఏమీ పెట్టకూడదని ఇంట్లో అందరికీ చెప్పాలి, ముఖ్యంగా పండుగకు వచ్చి ఇస్త్రీ పెట్టె వెతుక్కునే చుట్టాలకు.

గోడలోపలి పైపు వైరింగ్ అయితే పాత వైరు కొనకు కొత్తది కట్టి లాగేయవచ్చని పనివారు చెబుతారు. పాత అల్యూమినియం పైపు మధ్యలో పుటుక్కున తెగిపోయి పైపు పూడుకుపోవడం మామూలే. ముందుగా పాతదానిని జాగ్రత్తగా తీసేసి, స్టీలు స్ప్రింగు పోనిచ్చి, దానితో కొత్త వైరు లాగించాలి. ఇనుప పైపు తుప్పు పట్టి ఉంటే దానిని వదిలేసి గోడకు కొత్తగా గాడి కొట్టించడమే నయం, ఎందుకంటే తుప్పు పెచ్చులు కొత్త వైరు తొడుగును చీరేస్తాయి. పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకే ఇవ్వాలి. ముగిశాక 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరుతో) ఇన్సులేషన్ పరీక్షించి, ప్రతి లైను మీద కనీసం 1 మెగా ఓము చూపించమని అడగాలి.

అమెరికాలో ఇల్లు కొనే మనవారికి

అక్కడ దాదాపు 1965 నుంచి 1973 దాకా కట్టిన ఇళ్ళలో, కొత్త గదులు చేర్చిన ఇళ్ళలో ఈ సమస్య ఉంది. 1972కు ముందు తయారైన అల్యూమినియం వైరుతో వైరింగ్ చేసిన ఇళ్ళలో కనెక్షన్లు అగ్నిప్రమాద స్థితికి చేరే అవకాశం రాగి ఇళ్ళ కంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెప్పింది. అటకలోనో బేస్‌మెంటులోనో కనిపించే కేబుల్ తొడుగు మీద ‘ఏఎల్’ అనో ‘అల్యూమినియం’ అనో అచ్చు ఉందేమో ఇల్లు కొనకముందే ఇన్‌స్పెక్టరు చేత చూపించుకోవాలి. ఆ కమిషన్ శాశ్వత మరమ్మతుగా ఒప్పుకొన్నవి మూడే: పూర్తిగా రాగితో రీవైరింగ్, కోప్యాలమ్ క్రింపింగ్ (అల్యూమినియం కొనకు రాగి వైరు ముక్కను బలంగా నొక్కి కలపడం), అల్యూమికాన్ కనెక్టర్లు (రెండు వైర్లనూ విడివిడి స్క్రూల కింద పట్టి ఉంచేవి). కోప్యాలమ్‌ను శిక్షణ పొందిన వారు మాత్రమే ప్రత్యేక పనిముట్టుతో వేయగలరు. అల్యూమికాన్ స్క్రూలను టార్క్ స్క్రూడ్రైవరుతో నిర్ణీత బలానికే బిగించాలి. దుకాణాల్లో దొరికే, వైరు కొనలను కలిపి తిప్పి బిగించే ఊదారంగు మెలి టోపీలను కమిషన్ శాశ్వత మరమ్మతుగా గుర్తించలేదు. అల్యూమినియం వైరుకు వాడవచ్చని తెలిపే ‘సీఓ/ఏఎల్ఆర్’ గుర్తున్న స్విచ్చులు, సాకెట్లు కొంతవరకే ఉపయోగం, గోడల్లోని జాయింట్లకూ సీలింగ్ దీపాలకూ అవి పనికిరావు. స్టవ్‌కు, బయటి ఏసీ యంత్రానికి పోయే లావు అల్యూమినియం కేబుళ్ళు మాత్రం అక్కడ ఇప్పటికీ మామూలే, వాటిని చూసి కంగారు పడనక్కరలేదు.

ఇక్కడైనా అక్కడైనా పనివారికి చివరి మొత్తం చెల్లించకముందు గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె అన్నీ వేసి అరగంట నడవనివ్వాలి. ఆ తర్వాత పొడి చేతి వెనకభాగంతో ప్రతి స్విచ్ ప్లేటునూ, ప్లగ్గు మీది ప్లాస్టిక్ భాగాన్నీ తాకి చూసుకోవాలి. ఏదైనా గోరువెచ్చదనం మించి తగిలితే ఆ పాయింటును ఆపి, వారి ఎదుటే తెరిపించాలి.