మెయిల్‌లో 'బై' రాసే ముందు

చీమకుర్తి గ్రానైట్ యార్డుల్లో, నెల్లూరు రొయ్యల కంపెనీల్లో ఇంగ్లీషు మెయిళ్లు పెట్టేవాళ్లు 'బై' (by) అనే చిన్న ముక్క దగ్గర కాస్త ఆగి చూసుకోండి.

ముందు రేటు సంగతి. రొయ్య కిలో 300 అనుకుందాం. 'రెడ్యూస్ బై 20' అంటే 20 తగ్గించి 280కి ఇస్తామని. 'రెడ్యూస్ టు 20' అంటే కిలో 20కే ఇస్తామని! 'బై' తేడాని చెబుతుంది, 'టు' చివరికి నిలిచే రేటుని. 'బై 20, ఫ్రమ్ 300 టు 280' అని మొత్తం రాసేస్తే ఇక పేచీ ఉండదు.

తేదీల్లో 'బై ఫ్రైడే' అంటే శుక్రవారం కల్లా. ఆ రోజు కూడా లెక్కలోదే. 'బిఫోర్ ఫ్రైడే' అంటే గురువారంతో సరి. 'అంటిల్ ఫ్రైడే' వేరు, శుక్రవారం దాకా సాగుతూ ఉండే పనికి అది. ఆఫీసు తెరిచి ఉండటం, ఆఫర్ నడవడం లాంటివి. డబ్బు కట్టడం ఒక్కసారితో అయిపోయేది కాబట్టి 'పే బై ఫ్రైడే' అనే రాయాలి, అంటిల్ కుదరదు.

ఇంకోటి. 'డబ్బు కట్టనంత వరకు లోడు కదలదు' అనే మన అలవాటులో 'అంటిల్ యు డోంట్ పే' అని పడిపోతుంటుంది. అక్కడ 'డోంట్' తీసేయండి. 'వి విల్ నాట్ లోడ్ అంటిల్ యు పే', అంతే.

అమెరికా బయ్యరైతే తేదీ పక్కన టైము, ఐఎస్‌టీ (మన ఇండియా టైము) అని కూడా వేయండి. వాళ్ల శుక్రవారం సాయంత్రానికి మనకు శనివారం తెల్లారిపోతుంది.