ట్రాక్ డేకి బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

చలికాలం వస్తోంది. మన నల్గొండ, మిర్యాలగూడ వైపు నుంచి సొంత కార్లతో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే మన కారునే ట్రాక్ మీద వేగంగా నడిపే రోజుకి, వెళ్దామనుకునేవాళ్లు ఇవి చూసుకోండి.

• బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. లోపల ఆవిరి బుడగలు కడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. పోయినసారి నాకు మూడో ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండు)లోనే అలా అయింది. రెండు మూడుసార్లు టకటకా తొక్కితే గానీ బ్రేక్ పట్టలేదు. ఆ మలుపు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

• బ్రేక్ ప్యాడ్ల మందం సగానికి పైగా మిగిలి ఉండాలి. తిరిగి ఇంటికి రావాల్సిందీ వాటితోనే.

• ఇన్సూరెన్స్ కాగితం చదవండి. రేసింగ్‌కు, స్పీడ్ టెస్టింగ్‌కు మామూలు పాలసీ వర్తించదు. గోడకు తగిలితే ఖర్చంతా మనదే.

• వేడెక్కితే టైర్లలో ప్రెషర్ పెరుగుతుంది. ట్రాక్ మీద ఒక విడత (సెషన్) కాగానే గేజ్‌తో చూసి తగ్గించండి. టైర్లు చల్లారితే ప్రెషర్ మరీ తగ్గిపోతుంది కాబట్టి, ఇంటికొచ్చే అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డెక్కే దాకా ఆగకుండా, ట్రాక్ దగ్గరే మళ్లీ గాలి నింపించండి.

• డ్రైవర్ వైపు మ్యాట్, సీటు కింది నీళ్ల బాటిల్ తీసేయండి. బ్రేక్ పెడల్ కింద ఇరుక్కుంటాయి.

• వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానాతో) బిగించండి.

• చివరి ల్యాప్ నెమ్మదిగా తిప్పండి. ఆపాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, గేర్‌లో వదిలేయండి. కాగే బ్రేక్ డిస్క్‌కు ప్యాడ్ అతుక్కుంటే బ్రేక్ వేసినప్పుడల్లా కారు వణుకుతుంది.