రాతి కోత నేర్చుకుందాం – మూడవ పాఠం: వంకర ఎక్కడుంది?

గత రెండు పాఠాల్లో పాత రంపాన్ని కొన్నాం, ఇంటికి తెచ్చి విప్పాం, తుప్పు గీకి శుభ్రం చేశాం. ఈపాటికి మీ ముందు ఒక ఇనుప తొట్టె, దాని మీద అడ్డంగా షాఫ్టు, రెండు కడ్డీల మీద ముందుకూ వెనక్కూ జారే క్యారేజీ, రాయిని పట్టే వైస్ ఉండాలి. ఇంత కష్టపడ్డాక వెంటనే రంగు వేయాలనిపిస్తుంది. ఆగండి. రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఈ వారం పని అంతా కొలతదే.

రంపం అంటున్నాం కానీ దీనికి పళ్లు లేవు. పలుచని ఉక్కు బిళ్ల అంచు చుట్టూ, లోహపు పొడిలో కలిపి గట్టిపరచిన వజ్రపు రవ్వలు ఉంటాయి. అవి రాయిని కోయవు, అరగదీస్తాయి. వడ్రంగి రంపాన్ని వత్తితే పని తొందరగా అవుతుంది. ఇక్కడ వత్తితే బ్లేడు వంగుతుంది, అంతే. బ్లేడు తన మందం మేరకే దారి చేసుకుంటుంది. ఆ దారిలో రాయి నిటారుగా రాకుండా వెంట్రుక వాసి పక్కకు జరిగినా, బ్లేడు పక్క భాగం రాయికి రాసుకుంటుంది, వేడెక్కుతుంది, కొద్దిసేపటికి గిన్నెలా గుంటపడుతుంది. పాత రంపాలతో పడే అవస్థల్లో చాలా వాటికి మూలం ఇదే. మోటారు బలం చాలడం లేదని, బ్లేడు నాసిరకమని అనుకుంటాం. అసలు దోషం క్యారేజీ వంకరలో ఉంటుంది.

నా రంపానికి పది అంగుళాల బ్లేడు పడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టులో, విప్పేసిన లారీ భాగాల మధ్య దొరికింది. కొన్న మొదటి నెలలోనే ఒక బ్లేడు పోగొట్టుకున్నాను. గుండ్రటి గులకరాయిని ఇనుప దవడల మధ్య నేరుగా బిగించాను. కోత సగం దాటాక రాయి గోటి మందం తిరిగింది. టక్కుమని ఒక్క చప్పుడు. ఆపి, బ్లేడు విప్పి, దాని మీద స్టీలు స్కేలు నిలబెట్టి దీపానికి ఎదురుగా పట్టుకున్నాను. మధ్యలో స్కేలు కింద సన్నని వెలుతురు గీత కనిపించింది. మంచి బ్లేడు మీద ఆ గీత ఉండదు. మీ పాత బ్లేడును కూడా ముందు ఇలా చూడండి. గీత కనిపిస్తే దాన్ని తిన్నగా చేయాలని సుత్తి పట్టుకోకండి, పక్కన పెట్టేయండి.

ఇక కొలతకు కావలసినవి: ఒక సైకిల్ చక్రపు ఊచ, మార్కర్ పెన్ను, మామూలు జిరాక్స్ కాగితం నాలుగైదు షీట్లు. డయల్ గేజీ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ఉంటే మంచిదే. లేకపోయినా ఫరవాలేదు. జిరాక్స్ కాగితం మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరు. మన పనికి అంతకంటే సూక్ష్మమైన కొలత అవసరం లేదు.

మొదట షాఫ్టు. రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, తర్వాత అటూ ఇటూ లాగండి. ఎక్కడైనా టికటికమని వదులు తగిలితే బేరింగులు మార్చాల్సిందే. నా యంత్రంలో ఉన్నవి 6204 రకం, అంటే లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నవే అడిగి తీసుకోండి. రాతిపొడి కలిసిన నీళ్లు బేరింగును ఎంత త్వరగా తినేస్తాయో, మూత లేనిది వేసినప్పుడే తెలుస్తుంది. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోతుంది, కొత్త బేరింగు బిగించకముందే పాడవుతుంది. లోపలి రింగుకు సరిపడే ఇనుప పైపు ముక్క పెట్టి కొట్టండి.

తర్వాత ఫ్లాంజీలు, అంటే బ్లేడును రెండు వైపులా పట్టి ఉంచే బిళ్లలు. వాటి ముఖాన్ని అద్దంలా శుభ్రం చేయండి. ఎందుకంటే లెక్క చూడండి: ఫ్లాంజి వ్యాసం 64 మిల్లీమీటర్లు, బ్లేడు వ్యాసం 254. ఫ్లాంజి అంచున కాగితమంత తుప్పు రవ్వ ఉంటే, బ్లేడు అంచుకు వచ్చేసరికి అది నాలుగు కాగితాల ఊగులాట అవుతుంది. ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రీ గారికి నా ఫ్లాంజీలు చూపిస్తే, వేలితో ముఖం తడిమి, “బిళ్ల వంకర లేదండీ, మురికి వంకర. ముందు ఎమరీ పట్టించి తీసుకురండి, అప్పటికీ ఊగితే లేత్ మీద పెడదాం” అన్నారు. ఎమరీ కాగితాన్ని గాజు పలక మీద పరిచి ఫ్లాంజిని దాని మీద గుండ్రంగా రుద్దాను. లేత్ అవసరం పడలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఈ ఒక్కటి ఓపిగ్గా చేస్తే తక్కిన పాఠమంతా సులువు.

మోటారు ప్లగ్గు తీసేసి, బెల్టు వదులు చేసి, బ్లేడు బిగించండి. బ్లేడు అంచు దగ్గర మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి. సైకిల్ ఊచను వైస్‌లో బిగించి, దాని కొన బ్లేడు ముందు భాగంలో ఆ చుక్కను తాకీ తాకనట్టు ఉంచండి. మధ్యలో ఒక కాగితం దూర్చి లాగితే కొద్దిగా పట్టుకుని రావాలి. ఇప్పుడు క్యారేజీని వెనక్కు జరపండి. బ్లేడును కూడా చేత్తో తిప్పి అదే చుక్కను వెనక భాగానికి, అదే ఎత్తుకు తీసుకురండి. ఊచకూ చుక్కకూ మధ్య ఎన్ని కాగితాలు పడతాయో చూడండి. ముందూ వెనకా ఒకే చుక్కను కొలవడం ముఖ్యం. బ్లేడులో ఏ కొంచెం ఊగులాట ఉన్నా అది లెక్కలోకి రాకుండా, క్యారేజీ వంకర ఒక్కటే విడిగా తేలుతుంది. వేర్వేరు చోట్ల కొలిస్తే రెండు తప్పులూ కలిసిపోయి, దేన్ని సరిచేయాలో తెలియదు.

నాకు మొదటిసారి ఏడు కాగితాలు పట్టాయి. ఇరవై సెంటీమీటర్ల ప్రయాణంలో 0.7 మిల్లీమీటర్లు. నా కొత్త బ్లేడు మొత్తం మందమే మిల్లీమీటరు పైచిలుకు. అంటే ప్రతి కోతలోనూ బ్లేడును దాని మందంలో సగానికి పైగా పక్కకు తోస్తున్నానన్నమాట. మొదటి బ్లేడు పోవడానికి రాయి తిరగడం ఒక్కటే కారణం కాదని ఆ సాయంత్రం అర్థమైంది.

సరిచేయడానికి బేరింగు బ్లాకుల, అంటే షాఫ్టు బేరింగులను పట్టి ఉంచే ఇనుప దిమ్మల, బోల్టులు పానాతో కాస్త వదులు చేసి, చెక్క సుత్తితో ఒక బ్లాకును మెల్లగా తట్టండి. బిగించి మళ్లీ కొలవండి. బిగించేటప్పుడు బ్లాకు కొంచెం కదులుతుంది కాబట్టి బిగించాక వచ్చిన కొలతే కొలత. బోల్టు రంధ్రంలో జరగడానికి చోటు లేకపోతే, జారుడు కడ్డీ చివర పక్కన నూనె డబ్బా రేకు కత్తిరించి దూర్చవచ్చు. మూడు సాయంత్రాలు పట్టింది, చివరికి తేడా ఒక కాగితం లోపలికి వచ్చింది. అక్కడ ఆగాను. మీరూ అక్కడికి వచ్చేదాకా విడిచిపెట్టవద్దు.

మోటారు గురించి తక్కువ మాటలు చాలు. అర హార్స్‌పవర్, 230 వోల్టులు, నిమిషానికి 1440 చుట్లు తిరిగేది. మోటారుకు మూడు అంగుళాల పుల్లీ, షాఫ్టుకు నాలుగు అంగుళాల పుల్లీ వేస్తే బ్లేడు 1080 చుట్లు తిరుగుతుంది. దాని అంచు నిమిషానికి దాదాపు 860 మీటర్లు పరుగెత్తుతుంది, అగేట్ (రంగుల చారలుండే సిలికా రాయి) లాంటి గట్టి రాళ్లకు ఇది చక్కని వేగం. విదేశీ వీడియోలు చూసి పుల్లీలు కొనేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అమెరికాలో కరెంటు సెకనుకు 60 సైకిళ్లు (హెర్ట్జ్), అక్కడి మోటార్లు 1725 చుట్లు తిరుగుతాయి. మన దగ్గర 50 సైకిళ్లే. వాళ్ల పుల్లీ కొలతలు మనకు అలాగే పనికిరావు. నీళ్ల పక్కన కరెంటు పెడుతున్నాం కాబట్టి ఎర్తు తప్పనిసరి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీని, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్‌ని, ఎలక్ట్రీషియన్ చేత పెట్టించాకే మోటారు వేయండి.

బ్లేడు కొనేటప్పుడు టైల్సు, గ్రానైటు కోసే బ్లేడు చవకగా వస్తుందని తెచ్చుకోకండి. ముక్కలు ముక్కలుగా అంచు ఉండే ఆ బ్లేడు మందం ఎక్కువ. విలువైన రాయిని పొడి చేస్తుంది, అంచులు పెచ్చులు లేపుతుంది. అంచు అఖండంగా ఉండే సన్న బ్లేడే కావాలి. దాని మీద రాసిన గరిష్ఠ వేగాన్ని, బాణం గుర్తును చదవండి.

చల్లబరచడానికి పెద్ద రంపాల్లో పలుచని మినరల్ నూనె పోస్తారు. మన పది అంగుళాల రంపానికి, నేర్చుకునే దశలో, నీళ్లే మేలని నా అభిప్రాయం. తుప్పు పట్టకుండా లేత్‌ల దగ్గర వాడే పాల రంగు కూలెంట్ కొద్దిగా కలపండి. బ్లేడు అంచు నీటిలో ఒక సెంటీమీటరు లోపు మునిగితే చాలు, అంతకు మించితే ఒళ్లంతా జల్లు. డీజిలు, కిరోసిను పోయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. వినకండి. వేడికీ నిప్పురవ్వకూ అవి అంటుకుంటాయి, వాటి ఆవిరి ఊపిరితిత్తులకు చేటు.

పొడిగా మాత్రం ఒక్క క్షణం కూడా కోయవద్దు. ఇది బతిమాలి చెప్తున్నాను. మనం కోసే రాళ్లలో అధిక భాగం సిలికా. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ రాళ్లు సానపట్టే కార్మికులు ఆ ధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుతో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ జబ్బు ఒకసారి వస్తే నయం చేసే మందు లేదు. తడి కోతలో కూడా కళ్లద్దాలు, మంచి మాస్కు పెట్టుకోండి. తొట్టె చుట్టూ ఎండిన బురదను చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇప్పుడు కోత. మొదట రాయి కాదు, పాత గ్రైండింగ్ చక్రం ముక్క. దాన్ని మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా కోస్తే బ్లేడు అంచున పైపొర లోహం అరిగి, లోపలి వజ్రపు రవ్వలు బయటికి వస్తాయి. తర్వాత ఎప్పుడైనా కోత మందగించి, చేత్తో తోయాలనిపించినప్పుడు కూడా ముందు ఇదే చేయండి.

ఆ తర్వాత ఒక పల్నాటి సున్నపురాయి ముక్క మీద చేయి అలవాటు చేసుకోండి. అది మెత్తన, తప్పును క్షమిస్తుంది. అది రెండు ముక్కలు చక్కగా అయ్యాకే కృష్ణ ఒడ్డున ఏరిన గులకరాయి తీయండి. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ, ఎప్పుడో 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి లావా రాళ్లను ఒరుసుకుంటూ వస్తుంది. ఆ లావాలోని గాలి బుడగల ఖాళీల్లో సిలికా పొర మీద పొరగా పేరుకుని అగేట్ అయింది. ఈ నది ఒడ్డు కంకరలోనే కొల్లూరులో వజ్రాలు తవ్వారు. ఆ గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నాయి. పైకి మట్టి రంగులో, ముఖం లేని రాయిలా కనిపించే గులకరాయిని చేతిలో పట్టుకున్నప్పుడు ఇదంతా తలచుకోకుండా ఉండలేను.

గుండ్రటి రాయిని ఇనుప దవడల మధ్య పెట్టవద్దని నా మొదటి బ్లేడు నేర్పింది. రెండు వైపులా మెత్తని చెక్క ముక్కలు పెట్టండి, రాయి వాటిలో కొద్దిగా కూరుకుని కదలకుండా నిలుస్తుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి ఇందుకు భేషుగ్గా ఉంటుంది కానీ, బొమ్మల కళాకారులకే అది కరువుగా ఉంది, వాళ్లకు వదిలేద్దాం. మామిడిపళ్లు వచ్చే పెట్టె చెక్క సరిపోతుంది. బిగించాక రాయిని రెండు చేతులతో గట్టిగా తిప్పి చూడండి. మీ బలానికి కదిలితే బ్లేడుకూ కదులుతుంది.

బ్లేడు మొదట తాకే చోట రాయి ముఖం వాలుగా ఉండకూడదు. వాలు మీద బ్లేడు జారి పక్కకు వంగుతుంది. రాయిని అటూ ఇటూ తిప్పి, బ్లేడుకు ఎదురుగా వీలైనంత నిటారు ముఖం వచ్చేలా పెట్టండి. మొదటి గాడి పడేదాకా క్యారేజీని చేత్తో ఆపి పట్టుకుని, మెల్లగా వదలండి. గాడి నాలుగైదు మిల్లీమీటర్లు దిగాక, క్యారేజీని బ్లేడు వైపు లాగే తాడుకు బరువు తగిలించి వదిలేయవచ్చు. నేను అర కిలోతో మొదలుపెడతాను.

ఆపైన చెవిని నమ్ముకోండి. కోత సరిగ్గా ఉంటే ఒకే స్థాయిలో సర్రుమనే చప్పుడు, తొట్టెలోకి పాలలాంటి నీళ్లు. మోటారు గొంతు బొంగురుపోతే బరువు ఎక్కువైంది. చప్పుడు ఒక చుట్టుకు ఒకసారి ఎక్కి దిగుతుంటే బ్లేడు ఊగుతోంది. నిప్పురవ్వ మెరిస్తే నీళ్లు అందడం లేదు, వెంటనే ఆపండి. చివరి కొద్ది మిల్లీమీటర్లలో బరువు తీసేసి చేత్తో నడపండి, లేకపోతే ముక్క దాని బరువుకు విరిగి అంచున ముల్లులాంటి పెచ్చు మిగులుతుంది.

ముక్క ఊడి పడగానే చేయి పెట్టకండి. స్విచ్ ఆపి, బ్లేడు పూర్తిగా నిలిచాక తీసి, తొట్టెలో ముంచి పైకెత్తండి. తడి ఆరకముందే రంగుల చారలు కనిపిస్తాయి. నా మొదటి ముక్కలో తేనె రంగు చారలు ఏడు, నడిమధ్య గోరంత తెల్లని స్ఫటికం.

పని అయ్యాక నీళ్లు తొట్టెలో నిలవ ఉంచవద్దు, రాత్రికి రాత్రే షాఫ్టు తుప్పు పడుతుంది. పాత పెయింటు డబ్బాలోకి వంపి, రాతిపొడి అడుక్కు చేరాక పై నీటిని మళ్లీ వాడుకోండి. మడ్డిని బందరు కాలువలోకో ఏలూరు కాలువలోకో పారబోయకండి, సింకులో అసలే పోయకండి, గొట్టంలో సిమెంటులా గట్టిపడుతుంది. ఎండబెట్టి సంచిలో కట్టి చెత్తబండికి ఇవ్వండి. బ్లేడు తుడిచి, బెల్టు వదులు చేసి, కడ్డీల మీద పలుచగా నూనె రాసి మూత వేయండి.

(వచ్చే పాఠం: ముక్క మీద గీత గీయడం, చిన్న రంపంతో అంచులు తీయడం. అప్పటికి ఆరు మిల్లీమీటర్ల మందం ముక్కలు కనీసం మూడు కోసి ఉంచుకోండి. ప్రతి ముక్కా పై నుంచి కింది దాకా ఒకే మందంలో ఉండాలి. లేకపోతే సైకిల్ ఊచ మళ్లీ బయటికి తీయండి.)