షిఫ్టు మనిషికి క్యారేజీ కట్టే పద్ధతి

విశాఖపట్నం కూర్మన్నపాలెంలో షిఫ్టులకెళ్లేవాళ్లకి క్యారేజీలు కట్టి పంపడం నా పని. స్టీల్‌ప్లాంటులో ఏ షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్టు రాత్రి పదింటికి మొదలవుతాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు మూడింటికీ ఒకటే క్యారేజీ అడుగుతారు. "అన్నం ఎక్కువ పెట్టండి పిన్నీ, రాత్రంతా నిలబడాలి" అంటారు. నిలబడాలంటే అన్నమే తగ్గించాలి నాయనా అంటే, బియ్యం మిగుల్చుకుంటోంది కాబోలు అన్నట్టు చూస్తారు.

ముందు గిన్నెల సంగతి. క్యారేజీలో పెద్ద గిన్నె అన్నానికని ఎవరు పెట్టారో గానీ, దాన్ని కూరకి ఇచ్చేయండి. పాలిష్ పట్టిన బియ్యం తొందరగా అరిగి చక్కెరగా మారిపోతుంది. రక్తంలో షుగర్ ఒక్కసారిగా పెరుగుతుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది, కాసేపటికే చాలామందికి మత్తుగా ఉంటుంది, మళ్లీ ఆకలేస్తుంది. పప్పు, పీచున్న కూర, గుడ్డు పక్కన ఉంటే ఈ అరుగుదల నెమ్మదిస్తుంది. వాటిని అన్నం కంటే ముందు తింటే ఇంకా మంచిది. ఉత్తి కూర తినడం మనవాళ్లకి అలవాటు లేదు కాబట్టి నేనొక ఉపాయం చేస్తాను. పై గిన్నెలో ఉడికించిన సెనగలు, కీరా ముక్కలు, కాస్త నిమ్మరసం పిండి పెడతాను. మూత తీయగానే చేతికి అవే తగులుతాయి. ఆకలి మీద ఉన్న మనిషి ఏది ముందు కనబడితే అదే తింటాడు.

అసలు కష్టం సి షిఫ్టుది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్ర కోరుకునే వేళ, ఏం తిన్నా తినకపోయినా కళ్లు మూతలు పడతాయి. అరుగుదల కూడా రాత్రిపూట మందగిస్తుంది. అప్పుడు ఒంటిగంటకో రెండింటికో పెద్ద గిన్నెడు పులిహోర తింటే మెషీను దగ్గర కునికిపాట్లే. అందుకని అసలు భోజనం ఇంట్లోనే ఎనిమిదింటికి కానివ్వండి. క్యారేజీలో పన్నెండింటికి రెండు చపాతీలు, తోటకూర పప్పు చాలు. మూడింటికి నోట్లో వేసుకోవడానికి వేయించిన వేరుశెనగ గుళ్లు గుప్పెడు, ఉడికించిన గుడ్డు ఒకటి. పొద్దున్న ఇంటికొచ్చాక పూరీ జోలికి వెళ్లకండి. రెండు ఇడ్లీలో చిన్న పెసరట్టో తిని పడుకోండి. ఖాళీ కడుపుతో పడుకుంటే పదింటికి ఆకలి లేపేస్తుంది, నిండా తిని పడుకుంటే గుండెల్లో మంట.

టీ మానమంటే ఎవరూ వినరు, నేనూ మానలేదు. వేళ చూసుకోండి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. పొద్దున్న ఎనిమిదింటికి పడుకునేవాళ్లకి రాత్రి రెండింటి టీయే ఆఖరు కావాలి. ఇంకొకటి, అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. గంట ఆగండి. నిమ్మరసం మాత్రం అదే ఐరన్‌ని పట్టేలా చేస్తుంది, సెనగల మీద పిండేది రుచి ఒక్కదానికే కాదు.

పొద్దుటి ఏ షిఫ్టుకైతే ఐదింటికే బయల్దేరాలి, ఆ వేళ ఎవరికీ ముద్ద దిగదు. దానికి చోడి (రాగి) అంబలి. రాత్రి చోడిపిండి నీళ్లలో కలిపి ఉంచి, పొద్దున్నే మరుగుతున్న నీళ్లలో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉడికించాలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. వంద గ్రాముల చోళ్లలో మూడు వందల మిల్లీగ్రాములకి పైగానే కాల్షియం ఉంటుంది. అలాగని షుగర్ ఉన్నవాళ్లు చెంబుల కొద్దీ తాగకండి, మెత్తటి పిండి పల్చగా ఉడికితే తొందరగానే అరుగుతుంది. వాళ్లకి చోడి రొట్టె నయం.

బి షిఫ్టుకి పెద్ద ఇబ్బంది లేదు. పన్నెండున్నరకి తిని వెళ్లి, రాత్రి ఏడింటికి కొంచెం తింటే సరి.

ఇక మన ఊరి చెమట. గాలిలో తేమ ఎక్కువ, పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఇంకా పడుతూనే ఉంటుంది. నీళ్లూ ఉప్పూ తగ్గితే తలనొప్పి, చిరాకు, పని మీద ధ్యాస లేకపోవడం. దాన్నే చాలామంది ఆకలనుకుని బజ్జీలు తింటారు. మూత్రం ముదురు పసుపులో ఉంటే అది దాహమే. గ్లాసు పెరుగుకి మూడు గ్లాసుల నీళ్లు, కాస్త ఉప్పు, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు వేసి సీసాలో పట్టుకెళ్లండి. కోలా మీద నాకు మంచి అభిప్రాయం లేదు. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అరగంట హుషారు కోసం అంత అక్కర్లేదు.

చేపలంటే కవ్వలు, కానాగంతలే కొనండి. వంజరం కంటే ఎంతో చవక, ఒమేగా-3 కొవ్వుకీ లోటు లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి హార్బర్లో సరుకు తగ్గి ధర మండుతుంది. ఆ రోజుల్లో గుడ్లు, ఉలవలు. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు ఆశపడకండి. బీపీ, కిడ్నీ ఇబ్బంది ఉంటే మజ్జిగలో ఉప్పు కూడా డాక్టర్ని అడిగాకే.

ఇవన్నీ మూడు నాలుగు వారాలు చేసినా నీరసం పోకపోతే క్యారేజీని తిట్టకండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు చేయించుకోండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు భోజనం వేళలు మార్చేముందే డాక్టర్ని అడగాలి, మందు వేళలు కూడా దాంతోపాటు మారాల్సి రావచ్చు.